నా పేరు మీద వదిలిన పిట్టలు

పొట్టంగి పక్క కొండ మీద నుంచి,
మధ్యాహ్నం, భోజనాలయ్యాక.

నాన్నకు కుమారి నమస్కారాలు. అమ్మకూ మామ్మకూ కూడా ఈ కాయితం మీదే నమస్కారాలు. వేరువేరుగా రాద్దామంటే చలికి వేళ్ళు వంగడం లేదు.

నేను బాగానే ఉన్నాను. జ్వరం లేదు. జలుబు ఉంది, కానీ ఈ కొండ మీద జలుబు లేని మనిషి లేడు కాబట్టి దాన్ని రోగం కింద చెప్పుకోకూడదు. నువ్వెలా ఉన్నావు? బీపీ మాత్ర పొద్దున్నే వేసుకుంటున్నావా, షాపు తెరిచి గల్లా దగ్గర కూర్చున్నాక గుర్తొస్తోందా? అమ్మ మోకాలు ఎలా ఉంది? మామ్మ నన్ను తలుచుకుని తిడుతోందా, ఏడుస్తోందా? తిడుతుంటే ఆరోగ్యంగా ఉన్నట్టే, నాకు బెంగ లేదు.

ఫోను ఉండగా ఉత్తరం ఏమిటని అనుకుంటావు. ఇక్కడ సిగ్నలు కావాలంటే వెనకున్న గుట్ట ఎక్కాలి. అది ఒక కారణం. అసలు కారణం వేరే. ఫోనులో నువ్వు "ఎలాగున్నావమ్మీ" అనగానే నా నోరు దానంతట అదే "బాగున్నాను నాన్నా" అనేస్తుంది. ఆ తర్వాత ఇంకేమీ చెప్పలేను. కాయితం అయితే నువ్వు మధ్యలో "అన్నం తిన్నావా" అని అడ్డు రాలేవు. అందుకని ఇది షాపులో చదవకు. ఇంటికి వెళ్ళి, కాళ్ళు కడుక్కుని, కూర్చుని చదువు. అమ్మకు చదివి వినిపించు. మామ్మకు ఎంతవరకు చదవాలో నీకే తెలుసు.

ముందు ఇక్కడి కబుర్లు. కోరాపుట్ హాస్టల్లో ఉన్నన్నాళ్ళూ కొత్త అనిపించలేదు. రాయగడలో పుట్టిన పిల్లకు ఒడియా మాటలు, ఒడియా భోజనం కొత్తేమీ కాదు కదా. ఈ కొండకు వచ్చాకే ఇల్లు వదిలి వచ్చానని తెలిసింది. మొత్తం మేము నలుగురం. మాకు చదువు చెప్పే మేడం, నాతో చదివే లిపి అనే ఒడియా అమ్మాయి, నేను, జీపు నడిపే సూర్రావు బాబాయ్. ఆయనది సాలూరు. తెలుగు మాట వినాలంటే ఆయనే దిక్కు. అందుకే ఆయన బీడీ కంపు భరిస్తూ ముందు సీట్లో కూర్చుంటాను. ఉండేది ఒక పాత కాఫీ తోట షెడ్డు. పొద్దున్నే తలుపు తీస్తే ఎదురుగా ఉన్న జీపు కూడా కనబడనంత పొగమంచు. నీళ్ళు ముట్టుకుంటే చెయ్యి నాది కాదనిపిస్తుంది. అమ్మ పెట్టిన మామ్మ శాలువా, నేను వద్దని గొడవ చేశాను చూడు, అది నా ఒంటి మీద నుంచి దిగడం లేదు. ఆ మాట మామ్మతో చెప్పు, సంతోషిస్తుంది.

తిండికి లోటు లేదు. పొద్దున్న మండియా పేజ్, అంటే మన చోడి అంబలే, ఇంకాస్త పల్చగా, ఇంకాస్త పుల్లగా ఉంటుంది. మధ్యాహ్నం అన్నం, పప్పు, ఏదో ఆకు. రెండు రోజులు మొహం చిట్లించి తిన్నాను. ఇప్పుడు రెండోసారి అడిగి వేయించుకుంటున్నాను. లిపి నన్ను చూసి నవ్వుతుంది. సాయంత్రం పూట మాత్రం కొంచెం కష్టం. ఆ వేళకు మన వీధిలో బస్తాలు దింపే కేకలు, నువ్వు ఎవరినో తిట్టడం, అమ్మ పెట్టే తాలింపు వాసన. ఇక్కడ అదేమీ ఉండదు. చీకటి పడుతుందంటే పడిపోతుంది, అంతే. ఆ కాసేపు మాత్రం నాకు మీరందరూ కావాలనిపిస్తుంది.

చల్లకొచ్చి ముంత దాచడం ఎందుకు. అసలు విషయానికి వస్తాను.

నేను బయలుదేరిన రోజు నువ్వు చింతపండు బస్తా మీద చెయ్యి ఆనించి నిలబడి అన్న మాట నాకు గుర్తుంది. "సూడమ్మీ, నీ సదువేటో నాకు తెలీదు. పిట్టల్ని పడతారట, కాలికి కడియం ఏస్తారట, తూకం ఏసి వదిలేస్తారట. గవర్నమెంటోళ్ళు ఒప్పుకున్నారంటున్నావు, సరే. కానీ ఒక్క పిట్ట నీ సేతిలో పోయిందంటే ఆ రోజే బస్సెక్కి వచ్చేయాల. మన ఇంట్లో పిట్టల్ని వదిలేరు గానీ ఎవులూ పట్టలేదు."

"సరే నాన్నా" అన్నాను. "సరే అనడం కాదు, సెయ్యేసి సెప్పు" అన్నావు. నీ అరచేతిలో చెయ్యి వేసి చెప్పాను.

నాన్నా, నిన్న నా చేతిలో ఒక పిట్ట పోయింది. నిన్ననే మా మొదటి రోజు. ఎలా పోయిందో అంతా చెబుతాను. మధ్యలో లేచిపోకు.

దానికి ముందు రోజులన్నీ మాకు తర్ఫీదే. వల అంటే నువ్వు అనుకునే చేపల వల కాదు. తలవెంట్రుకంత సన్నటి నల్లదారంతో అల్లింది. రెండు గెడల మధ్య కడితే పక్కన నిలబడ్డవాళ్ళకే కనబడదు. పిట్ట వచ్చి తగిలి, కిందున్న మడతలో జోలెలో పడ్డట్టు పడుతుంది. దాని కాళ్ళు, రెక్కలు దారాల్లోంచి విడదీయడమే పని. మేడం మా చేత ముందు ఉల్లిపాయల మీద చేయించారు. ఉల్లిపాయను వలలో చుట్టి, ఒక్క పొర కూడా ఊడకుండా తీయమన్నారు. నాకు మూడు ఉల్లిపాయలు పట్టింది. లిపికి ఇంకా ఎక్కువే. ఆ ఉల్లిపాయలే సాయంత్రం కూర అయ్యాయి.

నిన్న పొద్దున్న మంచు కొంచెం విడగానే వలలు విప్పాం. మొదట పడింది పికిలిపిట్ట. పిట్ట కొంచెం కూత ఘనం అంటారే, అది దీన్ని చూసే అన్నట్టున్నారు. మేడం వలలోంచి తీస్తున్నంతసేపూ అది మా అందరినీ తిట్టింది. తర్వాత నా వేలు పట్టుకుని పొడిచింది. రక్తం రాలేదు గానీ పౌరుషం తెలిసింది. తీసిన పిట్టను మెత్తటి గుడ్డసంచిలో వేసి మూతి బిగిస్తే చీకటికి నిద్రపోయినట్టు ఊరుకుంటుంది. ఆ సంచులు తాడుకు వరసగా వేలాడదీసి నేను లెక్కపెట్టాను. "లాభం, రెండు, మూడు" అని నోటికి వచ్చేసింది. మన షాపులో ఒకటి అనరు, లాభం అంటారు అని లిపికి చెబితే, ఇక్కడ లాభం ఎవరికి అని అడిగింది.

తూకం నా పని. పుల్లంత స్ప్రింగు కాటా, దానికి సంచి తగిలించి ముల్లు చూడాలి. తర్వాత ఖాళీ సంచి తూచి ఆ బరువు తీసేయాలి. గోనె తరుగు తీయడం కాటా పట్టినప్పుడే నేర్చుకున్నదాన్ని, ఇదెంత అనుకున్నాను. నేను చదవడం, లిపి రాయడం. కాసేపటికి మేడం వచ్చి నా వెనక నిలబడి, "ముల్లు గీత దాకా రాలేదు, ఇవతలే ఉంది. నువ్వు గీత అంటున్నావు, ఎందుకు?" అన్నారు. చూస్తే నిజమే. ముల్లు ఇటా అటా అని ఊగుతున్నప్పుడల్లా నేను కాస్త ఎక్కువే చదివి పిట్ట వైపు మొగ్గుతున్నాను. చిన్నప్పుడు నువ్వు నన్ను కాటా దగ్గర కూర్చోబెట్టి, "తూకం ఎప్పుడూ మొగ్గులో ఉండాలమ్మీ, కొసరు లేని కొట్టుకి మళ్ళీ ఎవులొస్తారు" అనేవాడివి కదా. ఆ చెయ్యే ఇది. మా నాన్న కొట్టులో కొసరు వేస్తారండీ అన్నాను. మేడం నవ్వి, "పిట్ట మళ్ళీ కొనుక్కోవడానికి రాదు, ఉన్నదే చెప్పు" అన్నారు. తూచినవన్నీ మళ్ళీ తూచాను. సూర్రావు బాబాయ్ జీపు దగ్గర నుంచి విని, "కోమట్ల పిల్ల కొసరేసిందంటే అది పిట్టల అదృష్టం" అన్నాడు. అందరం నవ్వుకున్నాం. అప్పటికి రోజు చక్కగానే ఉంది.

ఎండ పడ్డాక నేలకు దగ్గరగా కట్టిన వలలో ఒక పిట్ట పడింది. గోధుమరంగు ఒళ్ళు, గొంతు దగ్గర తెలుపు, గుండె మీద సన్నటి గీతలు. పొదల కింద ఎండుటాకులు తిరగేసి పురుగులు ఏరుకు తినే జాతి. చెట్ల పైకి ఎగిరే పని దానికి ఎప్పుడో గానీ పడదు. మన తెలుగులో దాని పేరు నాకు తెలియదు. మేడం దాన్ని వలలోంచి నన్నే తీయమన్నారు. తీశాను నాన్నా, ఒక్క ఈక ఊడకుండా. మెడ రెండు వేళ్ళ మధ్య, ఒళ్ళు అరచేతిలో. దాని గుండె ఎంత తొందరగా కొట్టుకుంటుందంటే, దెబ్బకూ దెబ్బకూ మధ్య సందు దొరకదు. మళ్ళీ దొరికితే గుర్తుపట్టడానికి మేడం దాని కాలికి నంబరున్న చిన్న రింగు వేశారు. తూచాను, కొసరు లేకుండా. అంతా అయ్యాక, "ఇక నువ్వే వదులు" అన్నారు.

ఎలా వదలాలో పొద్దున్నే చెప్పారు. పిట్ట దొరికిన చోటికే తీసుకెళ్ళి, నేలకు దగ్గరగా వంగి, అరచెయ్యి చాపి వేళ్ళు విప్పాలి. అది తేరుకుని దానంతట అది వెళ్ళాలి. అంతే. నాకు అర్థం కాక కాదు.

మరి నేనేం చేశాను? నా మొదటి పిట్ట కదా. రెండు చేతులా పట్టుకుని కళ్ళకు అద్దుకున్నాను. తూర్పుకు తిరిగాను. గోవిందా అనుకుని పైకి ఎగరేశాను. ఎగరేసి వెనక్కి తిరిగి నడిచాను. అచ్చం నీలాగే.

నాకు ఊహ తెలిసేసరికే శనివారం అంటే పిట్ట. మూడేళ్ళప్పుడు నాకు జ్వరం వచ్చి కళ్ళు తేలేస్తే, మామ్మ మొక్కుకుందట, పిల్ల లేస్తే పిల్ల పేరు మీద వారం వారం పిట్టను వదులుతామని. నేను లేచాను. అప్పటి నుంచి శనివారం పొద్దున్నే పిట్టల అప్పన్న వెదురు పంజరం పట్టుకుని మన అరుగు కింద నిలబడతాడు. నువ్వు స్నానం చేసి తడిపంచెతో వచ్చి, వరిచేలలో తిరిగే చిన్న పిట్టను ఒకదాన్ని కొని, నా తల చుట్టూ మూడుసార్లు తిప్పి, తూర్పుకు ఎగరేస్తావు. దిష్టినీళ్ళు పోసినవాళ్ళలాగే వెనక్కి తిరిగి చూడకుండా నన్ను పట్టుకుని లోపలికి నడిపిస్తావు. తిరిగి చూస్తే పోయిన పీడ మళ్ళీ వస్తుందని మామ్మ గడప లోపల కాపలా ఉండేది. నేను ఈ చదువులోకి వచ్చింది ఆ పిట్టల వల్లే నాన్నా. ఆ కాస్త సేపూ నా చెవి పక్కన రెక్కలు కొట్టుకునే చప్పుడు నాకు ఎంత ఇష్టమో నీకు ఎప్పుడూ చెప్పలేదు.

నిన్న కూడా నేను వెనక్కి చూసేదాన్ని కాదు. లిపి అరిచింది కాబట్టి చూశాను.

పిట్ట అంత ఎత్తున ఏం చెయ్యాలో తెలియక గాలిలో తడబడుతోంది. మద్దిచెట్టు మీద నుంచి ఒక డేగ దిగింది. గట్టిగా చప్పుడు కూడా కాలేదు. పిట్టను పట్టుకుని అవతలి లోయలోకి వెళ్ళిపోయింది. నేను అలాగే నిలబడి ఉన్నాను. నా అరచేతిలో దాని వెచ్చదనం ఇంకా పోలేదు.

మేడం తిట్టలేదు. ముందు వలలన్నీ ముడిచేయించారు, డేగ తిరుగుతున్న చోట వల ఉంచకూడదని. పని అయ్యాక నా పక్కన రాయి మీద కూర్చుని, "అలా ఎగరేయడం ఎవరు నేర్పించారు?" అని అడిగారు. మా నాన్న అన్నాను. శనివారాల సంగతి అంతా చెప్పాను. నీ చేతిలో చెయ్యి వేసిన సంగతి కూడా చెప్పాను. ఆమె అంతా విని ఒక్క మాట అడిగారు. "పంజరంలో ముడుచుకుని ఉన్న పిట్టను ఎగరేస్తే ఎంతో దూరం పోలేదు. మరి అవి ఎక్కడ పడేవి?"

తెలియదు అన్నాను. ఎప్పుడూ చూడలేదు కదా.

అలా అన్నాక నాకు తోక విరిగిన పిట్ట గుర్తొచ్చింది. నీకూ గుర్తుండాలి. నేను రెండో తరగతో మూడో తరగతో. ఒక శనివారం నువ్వు వదిలిన పిట్టకు తోకలో ఒక ఈక అడ్డంగా విరిగి ఉంది. పై శనివారం అప్పన్న తెచ్చిన పంజరంలో అదే పిట్ట, అదే విరిగిన ఈక. నేను గంతులు వేశాను. "నాన్నా, మన పిట్ట మళ్ళీ వచ్చింది" అన్నాను. నువ్వు దాన్ని చేతిలోకి తీసుకుని చూసి, "నీ మీద మమకారం కొద్దీ వచ్చిందమ్మీ" అన్నావు. ఆ మాట నేను బడిలో అందరికీ చెప్పుకున్నాను. ఇన్నేళ్ళూ నమ్మాను. అది మమకారం కాదు. అది ఎటూ వెళ్ళలేకపోయింది. సందు చివర కాలవ గట్టునో, మన వెనక గోడౌను రేకుల మీదో పడి ఉంటే అప్పన్న ఏరి తెచ్చాడు. అంతే నాన్నా. రాయి మీద కూర్చుని దాని కోసం ఏడ్చాను. డేగ తీసుకెళ్ళిన దాని కోసమా, తోక విరిగిన దాని కోసమా అంటే చెప్పలేను.

నిన్ను తప్పు పట్టడం లేదు. నీకు తెలిసి చేసింది కాదు. అప్పన్నను కూడా ఏమీ అనకు, పొట్ట కోసం చేసే పని. మన దగ్గర గోతాలు కుట్టే పని ఎప్పుడూ ఉంటుంది కదా, వాడికి ఇచ్చి చూడు.

మేడం లేస్తూ, "మీ నాన్నకు ఇచ్చిన మాట మీ ఇంటి సంగతి, దాంట్లో నేను తల దూర్చను. రేపు వస్తే మాత్రం చెయ్యి కిందికి పెట్టి వదలాలి" అని వెళ్ళిపోయారు.

నేను మాట ప్రకారమే సంచి సర్దాను. ఆ మధ్యాహ్నం సూర్రావు బాబాయ్ సరుకులకు పొట్టంగి దిగుతుంటే జీపు ఎక్కాను. దారంతా ఆయన నన్ను వదల్లేదు.

"మీ నాన్నకి సెప్పకమ్మీ. కొండల్లో రోజూ ఎన్ని పిట్టలు పోతన్నాయో ఎవులికి తెలుసు?"

"నాకు తెలుసు కదా బాబాయ్."

"తెలిస్తే ఏటవుద్ది? డేగ మాత్రం గడ్డి తింతాదా?"

"డేగ తప్పు కాదు. ఎగరేసింది నేను."

"మరి బస్సెక్కీసి ఇంటికెలిపోతే ఆ పిట్ట లేచొస్తాదేటి?"

"రాదు. మాట ఇచ్చాను."

"మాటిచ్చింది మీ నాన్న కాదు, నువ్వు. ఏటి సేత్తావో నువ్వే సూసుకో. నానైతే టీ తాగుతాను" అని బస్టాండు దగ్గర దించి టీ కొట్టులోకి పోయాడు.

కోరాపుట్ బస్సు వచ్చింది. అక్కడ దిగితే లక్ష్మీపూర్ మీదుగా పోయే రాయగడ బస్సు అందుతుంది. చీకటి పడేసరికి మన వీధిలో ఉంటాను. కండక్టరు సంచి అందుకోబోయాడు. అప్పుడు నాకు అనిపించింది. నేను దిగగానే నువ్వు ఏం చేస్తావు? ఎందుకొచ్చావని అడగవు. చిక్కిపోయావంటావు, అమ్మను వేడినీళ్ళు పెట్టమంటావు. కొండల్లో ఏ గాలో సోకిందని, పిల్ల క్షేమంగా ఇల్లు చేరిందని, శనివారం తెల్లారగానే అప్పన్నను పిలుస్తావు. నన్ను అరుగు మీద నిలబెట్టి పిట్టను నా తల చుట్టూ తిప్పుతావు. నేను నిలబడాలి. నువ్వు ఎగరేశాక నీతో పాటు వెనక్కి చూడకుండా లోపలికి రావాలి.

అది నా వల్ల కాదు నాన్నా. కండక్టరుకు వద్దని చెప్పాను. బస్సు వెళ్ళిపోయింది. టీ కొట్టులోకి వెళ్ళి బాబాయ్ పక్కన కూర్చుంటే, ఆయన నాకూ ఒక టీ చెప్పాడు.

ఈ పొద్దున్న వేరే చోట వలలు కట్టాం. మొదటి పిట్ట పసుపుపచ్చది, కంటి చుట్టూ తెల్లటి ఉంగరం, తులం బంగారమంత బరువు కూడా లేదు. మేడం దాన్ని నాకే ఇచ్చారు. పొద దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని అరచెయ్యి చాపి వేళ్ళు విప్పాను. అది వెళ్ళలేదు. వెల్లకిలా పడి ఉన్నదల్లా బోర్లా తిరిగి, నా బొటనవేలు పట్టుకుని కూర్చుంది. చెయ్యి నొప్పి పుట్టినా కదపలేదు. తర్వాత చప్పుడు లేకుండా లేచి, నేలకు మూరెడు ఎత్తులో పోయి, పొదలో ఒక కొమ్మ మీద వాలింది. ఈకలు సర్దుకుంది. పక్క కొమ్మకు గెంతింది. ఆకుల మాటున కనబడనంతవరకూ చూస్తూనే ఉన్నాను. వదిలిన పిట్ట ఎక్కడికి వెళ్ళిందో నా కళ్ళతో నేను చూడడం ఇదే మొదటిసారి.

అమ్మకు ఒక మాట. నీ పాత పంచెలు, బాగా ఉతికి మెత్తబడినవి, రెండు పంపమను. పిట్టల సంచులు కుట్టుకోవాలి. బజారు గుడ్డ గరుగ్గా ఉంది, ఈకలు నలుగుతున్నాయి. వాటితో పాటు ఉసిరికాయ పచ్చడి, మామ్మ అల్లిన ఆ ఎర్ర టోపీ. శాలువాకే మొండికేసినదాన్ని, టోపీకి దిగొచ్చానని చెప్పు. కోరాపుట్ వచ్చే మన లారీ ఎవరిదైనా ఉంటే ఇచ్చి పంపు. సూర్రావు బాబాయ్ వెళ్ళి తెస్తాడు. అమ్మను మోకాలికి నూనె రాయడం మానొద్దను. పక్కింటి పెద్దమ్మనూ పెదనాన్ననూ అడిగానని చెప్పు.

నీ చేతిలో చెయ్యి వేసి ఇచ్చిన మాట నేను నిలబెట్టుకోలేదు. దాచి ఉంటే నీకు తెలిసేది కాదు, దాచలేదు. తిట్టాలనిపిస్తే తిట్టు, నేను పడతాను. మామ్మ చేత కూడా తిట్టించు. నన్ను తీసుకెళ్ళడానికి మాత్రం రాకు. ఈ పని నేను సరిగ్గా నేర్చుకోవాలి. మాట తప్పిన కూతురు ఆశీర్వాదం అడగకూడదేమో, అయినా అడుగుతున్నాను. మీ ముగ్గురి పాదాలకూ ఇక్కడి నుంచే మొక్కుతున్నాను.

ఇంకొక్కటి నాన్నా. శనివారం వస్తోంది. ఈ ఉత్తరం చదివి నువ్వు నాకేదో అవుతుందని భయపడతావు. భయపడి ఒక పిట్టకు రెండు పిట్టల్ని కొంటావు. నీ సంగతి నాకు తెలుసు. కొనొద్దు. అప్పన్న వస్తే ఊరికే అరుగు మీద కూర్చోబెట్టి కాఫీ ఇవ్వు. నా జ్వరం ఎప్పుడో తగ్గిపోయింది నాన్నా. నాకేమీ కాదు.

నీ అమ్మి,
కుమారి